కనుమనాడు ఇంటి పట్టున

ధనుర్మాసము ముగిసి సంక్రాంతి వచ్చినంతనే పుత్తూరు ఇండ్లకు దూరపు కొలువులనుండి బిడ్డలు చేరుదురు. సెలవంతయు అవ్వ చెంత గడిపి, తిరుమలకు పోకుండుట అపచారమా యని కొందరి శంక.

చేరువనున్న నారాయణవనమున పద్మావతిని పరిణయమాడిన శ్రీనివాసుడు, పురాణగాథ ననుసరించి, వెంటనే కొండ నెక్కలేదు. క్రొత్త దంపతులకు అది తగదను కట్టుబాటు నెంచి, నేటి శ్రీనివాసమంగాపురము చెంత అగస్త్యాశ్రమమున ఆరు మాసములు నిలిచెను. తానే తొందరపడని స్వామి మనల నేల త్వరపెట్టును? కనుమనాడు కాకియైనను కదలదని పెద్దల మాటయు కలదు.

చెప్పిన కథనే మరల చెప్పు అవ్వను విసుగక వినుటయు సేవయే. చేత ఫోను పట్టి ఊకొట్టుట వినుట కాదు. ఇక, ఇందరికి వండి వడ్డించు ఇల్లాలికి విరామమేది? వడలకు పిండి రుబ్బుటకు కొడుకులు లేచినచో, ఆమెయు కూర్చుండి అవ్వ కథ వినును.