వెలుగు కోరిన విత్తనము

హనుమకొండ,
భాద్రపద బహుళ పంచమి.

చిరంజీవి మనుమరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు మొన్న అందినది. అందు రెండు విచారములు వ్రాసితివి. ఒకటి, శ్రావణ మాసమున నీవు అశోక్‌నగర్ గది పైకప్పు మీద కుండీలలో వేసిన యారో అను పూమొక్క విత్తనములలో ఒక్కటియు మొలకెత్తకపోవుట. రెండవది, పోటీపరీక్షలకు చదివింపవలెనని ఊరినుండి నీ చెంతకు రప్పించుకొన్న తమ్ముడు, నీవు ఎంత వెంటబడినను పుస్తకము ముట్టక, నానాటికి మాటలు కూడ తగ్గించి, గోడవైపు తిరిగి పడుకొనుచుండుట. వానిని ఇంటికి పంపివేయుదునా అని అడిగితివి. ఆ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పజాలను. మొదటిదానికి మాత్రము, ముప్పదియేండ్లు బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పి, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ వెనుక సందున మేమున్న ఇంటి డాబాపై అంతకాలమును కుండీల నడుమ గడపినదానను గనుక, తెలిసినది తెలిసినట్లు వ్రాసెదను.

నీవు చేసిన పని యంతయు నీ జాబులోనే యున్నది. మంచి మట్టి తెచ్చితివి. వానపాముల ఎరువు సగపాలు కలిపితివి. వ్రేలు సగము దిగునంత లోతున గుంటలు చేసి, విత్తనములు వేసి, పైన మట్టి కప్పి అదిమితివి. ఉదయ సాయంకాలములందు చెంబుతో నీళ్ళు పోసితివి. వారము గడచినను మొలక కానరానందున మట్టి త్రవ్వి చూచితివి. తల్లీ, ఇందులో నిర్లక్ష్యము ఇసుమంతయు లేదు. ఉన్నదంతయు ప్రేమయే. కాని ఆ విత్తనము కోరినది మాత్రము అందులో ఒక్కటియు లేదు.

ఆ గింజను అరచేతిలో వేసికొని తేరిపార చూచితివా? గ్రాము తూకమునకు వేలకొలది వచ్చును. చిక్కుడుగింజ తన మొలకకు కొన్ని దినములకు సరిపడు చద్దిమూట కట్టి పంపును; లోతుగ నాటినను ఆ మూట విప్పుకొని తినుచు మొలక పైకి రాగలదు. యారో గింజకు అట్టి మూట లేదు. అంగుళము మట్టిని చీల్చుకొని నడచుటకు దాని బత్తెము చాలదు. అందుచే ప్రకృతి దానికొక జాగరూకతను నేర్పినది: వెలుగు సోకినగాని అది మేలుకొనదు. చీకటిలో నున్నంతసేపు తాను లోతున నున్నానని యెరిగి, ప్రాణము బిగబట్టుకొని యుండును. 1952లో అమెరికా దేశమున బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనాలయమున బోర్త్‌విక్, హెండ్రిక్స్ మొదలగు శాస్త్రజ్ఞులు, యారోకు చుట్టమగు లెట్యూస్ అను ఆకుకూర విత్తనములపై ఎర్రని కాంతి ప్రసరింపజేయగా అవి మొలకెత్తినవి; ఆ వెంటనే, కంటికి ఆనీ ఆనని దూరపు ఎరుపు కాంతిని చూపగా మరల నిద్రపోయినవి; ఎన్నిమార్లు మార్చి మార్చి చూపినను, చిట్టచివర సోకిన కాంతి యేదో దానినే అవి పాటించినవి. విత్తనములో నుండి ఈ కాంతిని గ్రహించు పదార్థమునకు తరువాత ఫైటోక్రోమ్ అని పేరిడిరి. ఈ పాఠము చెప్పునపుడెల్ల నాకు ఒడలు పులకించెడిది. ఇసుకరేణువంత గింజ, వెలుగు వచ్చినదా లేదా అని లోలోపల కనిపెట్టుకొని యుండుట!

ఇక యారో మొక్క వంశమందువా, అది మన బంతికిని, చామంతికిని, పొద్దుతిరుగుడుకును జ్ఞాతియే. ట్రాయ్ యుద్ధమున అకిలీస్ అను వీరుడు సైనికుల గాయములకు దీనిని వాడెనను గ్రీకు గాథను బట్టియు, వేయి చీలికలుగ నుండు ఆకును బట్టియు, లిన్నేయస్ పండితుడు 1753లో దీనిని అకిల్లియా మిల్లెఫోలియమ్ అని తన గ్రంథమున కెక్కించెను. యునానీ వైద్యులు బిరంజాసిఫ్ అందురు. నా చిన్నతనమున కాలు తెగినచో మా అమ్మ గట్టుమీది గడ్డిచామంతి ఆకు నలిపి గాయముపై రసము పిండెడిది. ఆ గడ్డిచామంతియు ఈ కుటుంబములోనిదే. అకిలీసు పేరైన వినని మా అమ్మ పొలముగట్టున ఆ వైద్యమే చేసినదని తెలిసిన నాడు నేను పొందిన సంతోషము ఇంతయని చెప్పజాలను.

యారో కాశ్మీరపు కొండవాలులందును, ఐరోపా బయళ్ళయందును, బాటల ప్రక్క రాళ్ళ నడుమ పెరుగు మొక్క. బలమైన ఎరువు పెట్టినచో కాడలు మెత్తబడి, నిటారుగ నిలువజాలక వ్రాలిపోవును. అడుగున నీరు నిలిచినచో వేరు కుళ్ళును. నీవు దానికి విందు చేసితివి; దానికి కావలసినది గంజి.

అట్లని విత్తనములన్నియు వెలుగునే కోరునని తలపకుము. బంతిగింజను పైపైన వదలినచో ఎండిపోవును, లేదా పిచ్చుకల పాలగును. దానిపై పావు అంగుళము మట్టి కప్పవలయును, కప్పినచో వారము తిరుగక ముందే మొలచును. నీవు బంతివంటిదానవమ్మా. నిన్ను ఎంత కప్పినను చీల్చుకొని పైకి వచ్చితివి. తెల్లవారకమునుపే సంచి భుజమున వేసికొని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున చోటు దొరకునో లేదో యని నీవు వడివడిగ నడచిపోవుట నేను కన్నులార చూచితిని. నీకు పనికివచ్చినదే నీ తమ్మునికిని పనికివచ్చునని నీకు తోచుట సహజము.

మనుషుల విషయమున ఇట్టిదే యొక సంగతి చెప్పెదను. నారాయణగూడ మీదుగ పోవునపుడు మాడపాటి హనుమంతరావుగారి పేర నున్న బాలికల పాఠశాలను చూచియుందువు. నేను చదువుకొన్నది అచటనే. అది 1928లో పుట్టినది. నాటి నిజాము రాజ్యమున పైచదువులకు ప్రధానముగ ఉర్దూయే వాహిక. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే జరుగుచుండెను. ఇంట తెలుగు తప్ప వేరెరుగని ఆడపిల్లలకు ఆ చదువు ఎంత దూరమైనదో ఊహించుకొనుము. ఆడుబిడ్డలకు చదువు అబ్బదని తేల్చి చెప్పిన పెద్దలు అప్పుడెందరో. హనుమంతరావుగారును వారి సహచరులును అట్లు తేల్చివేయలేదు. తప్పు గింజయందున్నదా, కప్పిన మట్టియందున్నదా యని విచారించిరి. తల్లిభాషలో పాఠము చెప్పించిరి. తెలుగున నడచు ఉన్నత పాఠశాలకు ఇచట గుర్తింపు కరవైనందున, పూనాలో కార్వే మహాశయుడు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పిల్లలను పంపిరి. పిల్లలు వారే, వారి బుద్ధులును అవియే. మీది పొర తొలగినది, అంతే. నేను ఆ బడిలో అడుగిడునాటికి ఆ కష్టములు గతించినవి గాని, వాని సంగతి మా ఉపాధ్యాయినులు చెప్పునపుడు తరగతి యంతయు నిశ్శబ్దమగుచుండెను.

ఇంత విని, ఇంత చదివి, ఇంత బోధించిన నేనే తప్పు చేసితిని. అది నీకు చెప్పకుండ ఈ జాబు ముగింపరాదు. మీ చిన్నమామయ్యకు పదునాలుగేండ్ల వయసున లెక్కలు వచ్చెడివి కావు. డాబా మీద ఏ నారుకు ఎంత లోతు కావలయునో కొలిచి చూచుకొను నేను, క్రింద గదిలో వానిని రాత్రి పదకొండు గంటలవరకు ఎదుట కూర్చుండబెట్టుకొని, తప్పు వచ్చినపుడెల్ల పొరుగింటి పిల్లల మార్కులు ఏకరువు పెట్టితిని. గానసభనుండి వీణానాదము వినవచ్చినపుడు వాడు తలయెత్తి వినుచుండెడివాడు. నేను లేచి కిటికీ మూసివేసెడిదానను. ఆ కిటికీ రెక్క చప్పుడు నేటికిని నా చెవిలో నున్నది. తరువాత వాడు లెక్కలు తనంతట నేర్చుకొన్నాడు, ఉద్యోగస్థుడైనాడు; ఇప్పుడు నేనుండునది వాని ఇంటనే, నన్ను పువ్వులలో పెట్టుకొని చూచుకొనుచున్నాడు. కాని నాతో ఏదైన చెప్పబోవునపుడు ఒక్క క్షణము ఆగును. ఈ మాట అమ్మకు రుచించునా యని తూచుకొని గాని నోరు విప్పడు. ఏబదియేండ్లు పైబడిన కొడుకు, తల్లియెదుట ఆగు ఆ ఒక్క క్షణమునకు కారణము నేనే.

నీ జాబును మూడుమార్లు చదివితిని. అందు తమ్మునికై నీవు కొన్న పుస్తకముల పేర్లున్నవి. కట్టిన రుసుము వివరమున్నది. వానిని లేపు వేళయు, పడుకొననిచ్చు వేళయు ఉన్నవి. వాడు అన్న మాట ఒక్కటియు లేదు. అడుగక ఊరకుంటివో, అడిగినను వాడు చెప్పలేదో నాకు తెలియదు. నీ త్యాగమును నేను తక్కువ చేయుట లేదమ్మా. నీవు ఒకపూట భోజనము మాని వానికి రుసుము కట్టితివని మీ అమ్మ చెప్పగా విని కన్నీరు పెట్టుకొన్నదానను. అంత ప్రేమ నిష్ఫలము కారాదనియే ఇంత వ్రాయుచున్నాను.

పొట్లములో సగము విత్తనములు మిగిలినవంటివి గదా, వానిని తడి తగులని సీసాలో భద్రపరచుము. ఈ వానలు వెలియనిమ్ము, బతుకమ్మ సాగనిమ్ము, దీపావళియు వెళ్ళనిమ్ము. కార్తికమున రాత్రులు చల్లబడి, పగటి ఎండ మెత్తబడినపుడు, లోతు తక్కువైన వెడల్పు కుండీ తీసికొని, అడుగున రంధ్రములున్నవో లేవో చూచి, రెండుపాళ్ళు ఎర్రమట్టియు ఒక పాలు ఇసుకయు కలిపి నింపుము. ఎరువు వలదు. మట్టిని ముందే తడిపి, గింజలను పొడి ఇసుకతో కలిపి పైన చల్లి, అరచేతితో మెల్లగ అద్దుము, కప్పకుము. చెంబుతో పోసినచో గింజలు కొట్టుకొనిపోవును, తుంపరగ చిలకరింపుము. వెలుగు బాగుగ తగులునట్టియు, మిట్టమధ్యాహ్నపు ఎండ తగులనట్టియు చోట నుంచుము. 18 నుండి 24 డిగ్రీల వెచ్చదనము దానికి హితము. పది దినములనుండి మూడు వారములలో మొలకలు కానవచ్చును. మొక్కలు బెత్తెడు ఎదిగిన పిమ్మట వేరు కుండీలకు మార్చుము. చల్లని దేశముల మొక్క గనుక చైత్ర వైశాఖములందు నీడ పట్టున కాపాడవలయును. పూవు తరచు రెండవ యేటగాని రాదు; మొదటి యేట ఆకును చూచియే తృప్తిపడుము, ఆ ఆకు అంత అందమైనది.

మరియొక్క మాట. ఈసారి చల్లు పని నీవు చేయవలదు, తమ్ముని చేత చేయింపుము. కుండీ యెక్కడ పెట్టవలయునో వానినే చూచుకొననిమ్ము. ఆ సమయమున చదువు ప్రసక్తి తేకుము. ప్రక్కన కూర్చుండుము, చాలును. చల్లుచు వాడేమైన అనినచో, ఆ మాటను అన్నది అన్నట్లు నాకు వ్రాయుము.

ఇట్లు,
మీ అమ్మమ్మ