ఊరు ఇంటిల్లిపాదికీ కావాలి

అమ్మడూ,

తెనాలి ఇల్లు ఖాళీ చేసి బెంగళూరు వైట్‌ఫీల్డ్ వచ్చేద్దామనుకుంటున్నామని నువ్వు ఫోనులో అన్నప్పుడు నా మనసు ఎగిరి గంతేసింది. చెల్లెలి కూతురు పక్క వీధిలో కాపురముంటుందంటే ఏ పెద్దమ్మకి చేదు? అందుకే అప్పటికప్పుడు ఏమీ చెప్పలేదు. ఆ సంతోషంలో ఏం చెప్పినా నీ మంచి కోసం కాక నా ముచ్చట కోసం చెప్పినట్టవుతుంది. ఇప్పుడు కుదురుగా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ కుదురుగా చదువు. అల్లుడికీ చదివి వినిపించు.

నెట్ ఎలా ఉంటుంది, కరెంటు పోతుందా, అద్దెలెంత అని అడిగావు. మొదటి రెండింటికీ జవాబు తేలికే. ఫైబర్ నెట్‌కి ఇక్కడ కొరత లేదు. కాకపోతే చాలా అపార్ట్‌మెంట్లలోకి ఒకటో రెండో కంపెనీల తీగలే రానిస్తారు. ఏది బాగా పనిచేస్తుందో బ్రోకరుని కాదు, అదే బ్లాకులో ఇంటినుంచి పనిచేసే మనిషిని అడుగు. జనరేటరు ఉందని అందరూ అంటారు. అది లిఫ్టుకీ, ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమేనా, నీ కంప్యూటరు పెట్టుకునే ప్లగ్గుకి కూడానా అన్నది కనుక్కో. రౌటరుకి ఓ చిన్న యూపీఎస్, చేతిలో వేరే కంపెనీ సిమ్ము ఉంటే నీ పని ఆగదు. ఈ మాత్రం తెనాలిలోనూ సమకూరింది కాబట్టే కదా ఇన్నాళ్లూ అక్కడ కూర్చుని ఉద్యోగం చేశావు.

నేను చెప్పదలచుకున్నదీ అదే. నీ ఉద్యోగానికి తీగ వచ్చే గది ఒకటి చాలు, అది ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. పొద్దున కూర్చుంటే చీకటిపడేదాకా నువ్వుండేది ఆ తెరలో. ఊరు కావలసింది నీతో వచ్చేవాళ్లకి. మీ అత్తగారికి, అల్లుడికి, రెండో తరగతి చదివే బుడ్డిదానికి. ఇక్కడికొస్తే ఇరవై నాలుగు గంటలూ ఈ ఊళ్లో మసలేది వాళ్లు. నువ్వడిగిన వాటిల్లో వాళ్ల గురించి ఒక్క ప్రశ్నా లేదు తల్లీ. తప్పు పట్టడం లేదు. సంపాదించే మనిషికి ముందు తన పనే కనబడుతుంది. పక్కనుండి మిగతాది చూపించడానికే పెద్దవాళ్లం ఉన్నది.

ఇక అద్దె. అంకె కంటే ముందు ఆ అంకెలో ఏం కలిసుందో తెలుసుకో. అది తెలియాలంటే ఊరి కథ తెలియాలి. ఈ ఊరు 1882లో పుట్టింది. మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయరు యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ల సంఘానికి దాదాపు 3,900 ఎకరాలు ఇచ్చారు. ఆ సంఘం పెద్ద డేవిడ్ ఎమ్మాన్యుయేల్ స్టార్కెన్‌బర్గ్ వైట్. ఊరికి ఆయన పేరే వచ్చింది. సర్కారు కొలువుల మీద ఆధారపడ్డ తనవాళ్లు ఇక్కడ సేద్యం చేసుకుంటూ సొంత కాళ్ల మీద నిలబడాలని ఆయన ఆశ. అంటే ‘ఉన్నచోటు వదిలి అక్కడికి మారిపోదాం’ అన్న ఆలోచనలోంచే ఈ ఊరు పుట్టింది. గుండ్రంగా బాట వేసి చుట్టూ పెంకుటిళ్లు కట్టుకున్నారు. ఇన్నర్ సర్కిల్ అని ఇప్పటికీ పిలుస్తారు, పాత ఇళ్లు అక్కడక్కడా మిగిలాయి. భూమి ఉంది, చల్లటి గాలి ఉంది, రాజుగారి దయ ఉంది. అయినా అనుకున్నంత మంది రాలేదు. వందేళ్ల పైచిలుకు ఇది చిన్న పల్లెగానే ఉండిపోయింది. జనం విరుచుకుపడింది 1990ల చివర్లో ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు లేచాకే. అప్పటినుంచీ ఇక్కడ ఇంటి అద్దె ఆఫీసుకి ఎంత దగ్గరో చూసుకునే పెరుగుతోంది. ‘ఆఫీసుకి పది నిమిషాలు’ అని ఓనరు చెప్పాడంటే ఆ పది నిమిషాలకీ ధర కట్టాడన్నమాట. ఆఫీసుకే వెళ్లనిదానివి, వాడుకోని దగ్గరితనానికి నెలనెలా ఎందుకు కట్టాలి?

దీనికి నువ్వు చెప్పగల జవాబు ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. ఇంటినుంచి పని ఎప్పటికీ ఉంటుందని ఎవరూ రాసివ్వరు. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ వారంలో అయిదు రోజులూ ఆఫీసుకి రమ్మంది. 2025 జనవరి నుంచి అమెజానూ అంతే. నీ కంపెనీ కూడా రేపు పిలిస్తే? అందుకని ముందు నీ నియామక పత్రం తీసి, నీ పనిచోటు ఏ ఊరని రాశారో చూడు. బెంగళూరు అని ఉంటే ఈ మార్పుకి ఒక గట్టి కారణం ఉన్నట్టే. హైదరాబాదు అని ఉంటే మాత్రం, ఇక్కడికొచ్చి పెట్టిన ఖర్చు, పడ్డ తిప్పలు రేపు పిలుపు వచ్చిన రోజున ఎందుకూ కొరగావు. టీమంతా ఇక్కడే ఉంది పెద్దమ్మా అన్నావు. టీములు మారిపోతుంటాయి. కాగితంలో రాసిన ఊరు అంత తొందరగా మారదు.

కాలవల మధ్య పుట్టి పెరిగినదానివి, నీళ్ల గురించి నీకు కొంచెం వివరంగానే చెప్పాలి. 2024 మార్చిలో బెంగళూరు నీళ్లకి అల్లాడిపోయింది. బోర్లు ఎండిపోయాయి. తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ల రేట్లు పట్టపగ్గాల్లేకుండా పోతే జిల్లా అధికారులే ధర కట్టారు, 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరు 1,000 రూపాయలని. ఆ ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలైంది. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలకి రోజుకి 77.5 కోట్ల లీటర్లు ఇవ్వాలని ఆ పథకం. మా చుట్టుపక్కల పల్లెలు చాలావరకు ఆ లెక్కలోవే. కాబట్టి ‘కావేరి వచ్చేసింది’ అని బ్రోకరు చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ వీధిలోకి గొట్టం రావడం వేరు, మీ సంపులో నీళ్లు పడటం వేరు. నువ్వు అడగాల్సింది ఇది: కనెక్షను ఉందా, ఉంటే వారానికి ఎన్ని రోజులు వస్తున్నాయి, ఇంకా ట్యాంకర్లు ఎన్ని దిగుతున్నాయి? పోయిన ఏప్రిల్ నెల మెయింటెనెన్సు బిల్లు ఒకటి చూపించమను. ట్యాంకర్ల ఖర్చంతా అందులో తెలిసిపోతుంది. బాత్రూములో కుళాయి మూతి తడిమి చూడు. తెల్లగా పెచ్చు కట్టి ఉంటే వాడుతున్నవి బోరునీళ్లే. ఆ నీళ్లతో పప్పు తొందరగా ఉడకదు.

వానాకాలానిది ఇంకో బాధ. 2022 సెప్టెంబరులో కురిసిన వానలకి ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు, మహదేవపుర చుట్టుపక్కల పెద్ద పెద్ద ఇళ్లలోకే నీళ్లొచ్చి జనం ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. చెరువునించి చెరువుకి నీళ్లు పోయే కాలవల మీద ఇళ్లు కడితే ఇంకేమవుతుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు సెల్లారులోకి దిగి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడు. సున్నం కొత్తగా వేసుంటే ఇంకా శ్రద్ధగా చూడు. వర్తూరు చెరువు వైపు ఇల్లయితే సాయంత్రం పూట వెళ్లి కాసేపు నిలబడు. వాసన, దోమలు నీకే తెలుస్తాయి.

ఇప్పుడు అల్లుడి సంగతి. ఇది రాయడానికి నాకు మనసొప్పడం లేదు గాని రాయక తప్పదు. ఆయన జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే మనిషి. ఇక్కడ ఇంటరుని పీయూ అంటారు. తెలుగు చెప్పించే పీయూ కాలేజీ ఈ వైపు దొరకడం కష్టం. ‘నాదేముంది, ఏదో ఒకటి చూసుకుంటాను’ అని ఆయన అన్నాడని సంబరంగా చెప్పావు. ఆ మాట అనడం ఆయన మంచితనం. దాన్ని పట్టుకుని ఆయన ఉద్యోగం మాన్పించడం నీకు తగదు. క్లాసులో నిలబడి పాఠం చెప్పే అలవాటున్న మనిషి, పెళ్లాం మీటింగులో ఉంటే చప్పుడు కాకుండా ఇంట్లో తిరగాల్సి వస్తే లోపల ఎంత నలిగిపోతాడో నేను చూశాను. మా అపార్ట్‌మెంటులోనే అలాంటివాళ్లున్నారు. జీతాలు కలిపి లెక్క వేసుకున్నా, ఆయనది పోయి ఇక్కడి అద్దె వచ్చాక మీకు మిగిలేది తెనాలిలో మిగిలినంత ఉండదు. ఈ ఒక్క ముడి విడకపోతే మిగతావన్నీ బాగున్నా రావద్దనే నా మాట.

మీ అత్తగారికి భాష బెంగ అక్కర్లేదు. హోస్కోటె, మాలూరు, కోలారు వైపు చాలా ఇళ్లలో మాట్లాడుకునేదే తెలుగు. కూరలబండి దగ్గర, పనిమనిషితో, ఆటోవాడితో ఆవిడకి మాట సాగిపోతుంది. కాడుగోడిలో సత్యసాయి బృందావనం ఉంది కాబట్టి 1960ల నుంచీ మనవాళ్ల రాకపోకలున్నాయి. గుండెకీ మెదడుకీ డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే సత్యసాయి పెద్దాసుపత్రి 2001లో ఇక్కడ తెరిచారు, మెట్రో స్టేషనే ఉంది ఆ పేరుతో. ప్రైవేటు ఆసుపత్రులకీ లోటు లేదు. ఆవిడ ఈడువాళ్లకి అది పెద్ద ధైర్యం.

కానీ ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఆలోచించు. తెనాలిలో పొద్దున్నే గుడికి నడిచి వెళ్తుంది. దారిలో నలుగురు పలకరిస్తారు. రెండు రోజులు కనబడకపోతే కొట్టువాడు ఇంటికి కబురు పెడతాడు. ఇక్కడ గేటు దాటితే నడవడానికి అరుగు లాంటి చోటు ఉండదు. ఉన్న ఫుట్‌పాత్ మీద బళ్లు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ రోడ్డు దాటలేదు. గేటు లోపల బెంచీల మీద సాయంత్రం పూట తెలుగు అమ్మమ్మలూ నాయనమ్మలూ కనబడతారు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. స్నేహాలు కలుస్తాయి. అంతలోనే ఒకావిడ అమెరికా కూతురి పురిటికి వెళ్తుంది, ఇంకొకావిడ ఊళ్లో వరి కోతలని వెళ్తుంది. వాళ్లకి వెనక ఒక ఇల్లుంది. మీ అత్తగారిని ఇల్లు ఖాళీ చేయించి తెస్తే ఆవిడకి ఆ వెనక ఇల్లు ఉండదు. తెనాలి ఇల్లు వదలకు. ఏమొచ్చినా సరే అది మాత్రం వదలకు.

బుడ్డిదాని చదువుకి నాకు పెద్ద దిగులు లేదు. బడులు ఉన్నాయి, ఫీజులే బరువు. బళ్లో కన్నడం నేర్పాలని 2015లో చట్టం చేశారు, అది మంచిదే. మన అక్షరాలకి దగ్గరి అక్షరాలు, పిల్ల తొందరగా పట్టేస్తుంది. నువ్వూ నేర్చుకో. తెలుగుతో ఎలాగూ గడిచిపోతుందని ఊరుకోవద్దు. ఒకరి ఊళ్లో ఉంటూ వాళ్ల మాట నేర్చుకోకపోవడం మర్యాద కాదు. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఇంట్లోనే నేర్పాలి. బడి మారిస్తే జూన్‌లోనే మార్చు, ఏడాది మధ్యలో కాదు.

ఇంకో జాగ్రత్త. ఇక్కడ లీజు అని ఒక పద్ధతుంది. మన భోగ్యం లాంటిదే, నెలనెలా అద్దె లేకుండా ముందే లక్షలకి లక్షలు ఒక్కసారిగా కట్టించుకుంటారు. వింటే ఆశ పుడుతుంది. ఓనరుకి బదులు మధ్యవాళ్లు సంతకం పెట్టి, డబ్బుతో మాయమైన సంగతులు చాలా ఉన్నాయి. దాని జోలికి పోకు. అల్లుడి కారు ఏపీ నెంబరుతో ఏడాది దాటి ఇక్కడ తిప్పితే రిజిస్ట్రేషను మార్చి పన్ను కట్టాలి, అదీ లెక్కలో వేసుకో.

ఇన్ని చెప్పాక ఒక్కటి అడుగుతాను, మనసులో ఉన్నది చెప్పు. నీకు కావలసింది వైట్‌ఫీల్డా, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనుషులా? పొద్దుణ్ణించి అందరి గొంతులూ వింటావు, ఎవరి ముఖమూ సరిగ్గా చూడవు. ఆ మధ్య నీ గొంతులో అలసట పని వల్ల వచ్చింది కాదనిపించింది. అదే కారణమైతే ఇల్లు మార్చినంత మాత్రాన అది తీరదు. ఇక్కడా పగలు అదే గది, అదే తెర. పగటిపూట ఈ అపార్ట్‌మెంట్లలో మేం ముసలివాళ్లం, పసిపిల్లలు, పనివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. విజయవాడలో నలుగురూ కలిసి కూర్చుని పనిచేసుకునే చోట్లున్నాయి, వారానికి రెండు రోజులు వెళ్లిరా. 2025లో మన ప్రభుత్వం కూడా ఆడపిల్లలకి ఇంటినుంచి పని కల్పిస్తామని, ఊళ్లలోనే అలాంటి చోట్లు పెట్టిస్తామని చెప్పింది. మీ దగ్గర ఏమైనా వచ్చిందేమో కనుక్కో. టీముని చూడాలనిపిస్తే నెలకో రెండు నెలలకో ఇక్కడికి రా. మా ఇంట్లో గది నీదే. 2023లో మెట్రో కాడుగోడి దాకా వచ్చింది, నగరంలో చాలాచోట్లకి రోడ్డు మీద నలగకుండా పోవచ్చు.

అయినా రావాలనే ఉంటే, నియామక పత్రంలో ఊరి పేరు బెంగళూరే అయితే, అల్లుడికి ఇక్కడ మనసుకి నచ్చిన పని దొరికితే, అప్పుడు రండి. ఆఫీసుల దగ్గర కాకుండా కాడుగోడి, చన్నసంద్ర వైపు మెట్రోకి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చూద్దాం. పాత ఊరు పక్కనే ఉంటే మీ అత్తగారికి గుడి, కూరల కొట్టు, మాట కలిపే మనుషులు దొరుకుతారు. అద్దె కూడా కొంత దిగుతుంది.

దానికి ముందు ఒక పని చెయ్యి. ఏప్రిల్‌లో బడి సెలవులివ్వగానే నలుగురూ వచ్చి ఒక నెల ఉండండి. చలికాలంలో వచ్చి ఈ గాలికి మురిసిపోయి నిర్ణయం చేసుకోకు, ట్యాంకర్లు తిరిగే రోజుల్లోనే చూడాలి. నువ్వు గదిలో తలుపేసుకుని ఎప్పటిలాగే పని చేసుకో. అల్లుడు కాలేజీల చుట్టూ ఓ తిరుగుడు తిరిగొస్తాడు. మీ అత్తగారిని నేను బెంచీ దగ్గరికీ గుడికీ తీసుకెళ్తాను. నెల తిరిగాక ముందు ఆవిడని అడుగు, తరవాత అల్లుణ్ణి, ఆ తరవాతే నిన్ను నువ్వు అడుక్కో. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కృష్ణరాజపురంలో దిగండి, అక్కణ్ణుంచి మెట్రోలో మా దగ్గరికి రావచ్చు. వేసవిలో ఆ బండికి సీట్లు దొరకవు, బుకింగు తెరవగానే టికెట్లు తీసుకో. మీ అత్తగారికి కింది బెర్తు చూడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ