నాబోతు చరిత్రను ఎవరు వ్రాయుదురు?



మన పిల్లలు కళాశాలలలో చరిత్ర చదువుచున్నారు. చదువుటయే గాక వ్రాయుచున్నారు కూడ. 2001వ సంవత్సరమున వికీపీడియా అను విజ్ఞాన సర్వస్వము ఇంటర్నెట్టులో ఆరంభమాయెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలాయెను. పూర్వము విజ్ఞాన సర్వస్వమనగా పండితులు కూర్చుండి కూర్చునది. కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో అట్టి గ్రంథమునకు పూనుకొని, అది పూర్తి కాకమునుపే 1923లో కన్నుమూసిరి. నేడు దానిని ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. అమెరికాలో చరిత్ర విద్యార్థులు తమ దేశపు తొలినాటి సరిహద్దు సీమలను గూర్చి అందులో వ్యాసములు వ్రాయుచున్నారు. మన విద్యార్థులు తమ గ్రామములను గూర్చి వ్రాయుచున్నారు. తెలుగు వికీపీడియాలో గ్రామముల పుటలు వేలకొలది కలవు.

ఇది బడిపిల్లల పని అని తేలికగా తలంచవద్దు. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము చెప్పరాదని ధర్మశాస్త్రము మనకు ఆజ్ఞాపించినది. చనిపోయినవాడు మన పొరుగువాడు కాడా? అతడు సభలో లేచి, "అట్లు జరుగలేదు" అని చెప్పజాలడు. కావున అతనినిగూర్చి వ్రాయువాడు మరింత భయముతో వ్రాయవలెను.

అమెరికాలో జరిగిన ఒక సంగతి చూడుడి. 1893లో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నరు అను చరిత్రకారుడు షికాగో నగరములో ఒక ప్రసిద్ధ వ్యాసము చదివెను. పడమటి దిక్కున స్వేచ్ఛగా దొరకిన భూమియు, దానివైపు జనులు సాగిపోవుటయు అమెరికా దేశమును తీర్చిదిద్దెనని ఆయన వాదము. అనేక సంవత్సరములు పాఠ్యపుస్తకములు ఆ త్రోవనే నడిచెను. అయితే ఆ భూమి ఖాళీగా ఉండెనా? అక్కడ ఆదివాసుల గ్రామములు, చేలు, సమాధులు ఉండెను. అక్కడ క్రైస్తవ సంఘములు కూడ ఉండెను.

ఒహాయో ప్రాంతమున నాడెన్‌హూటన్ అను గ్రామము కలదు. మొరేవియను మిషనరీయైన డేవిడ్ జైస్‌బర్గరు బోధవలన బాప్తిస్మము పొందిన డెలవేరు తెగవారు 1772 మొదలుకొని అక్కడ కాపురముండిరి. వారు ఆయుధము పట్టమని తీర్మానించుకొనినవారు. 1781లో యుద్ధపు గాలిలో వారిని ఆ ఊరినుండి తరలించివేసిరి. ఆకలికి తాళలేక కొందరు, చేలలో విడిచివచ్చిన మొక్కజొన్న ఏరుకొనుటకు మరుసటి సంవత్సరము తిరిగి వచ్చిరి. అప్పుడు పెన్సిల్వేనియా సరిహద్దు దండువారు వారిని పట్టుకొని, తమ ప్రజలను దోచి చంపినవారు వీరేయని నేరము మోపిరి. దండులో కొందరు ఈ పాపములో పాలుపొందమని ప్రక్కకు తొలగిరి. ఖైదీలు ఆ రాత్రియంతయు ప్రార్థనచేయుచు కీర్తనలు పాడుచు గడపిరి. 1782 మార్చి 8న తొంబదియారుగురు చంపబడిరి. వారిలో 28 మంది పురుషులు, 29 మంది స్త్రీలు, 39 మంది పిల్లలు. ఎవరికిని శిక్ష పడలేదు.

ఇద్దరు బాలురు మాత్రము తప్పించుకొనిరి. వారు చెప్పిన మాటలును, మిషనరీల దినచర్య పుస్తకములును లేకపోయినయెడల లోకమునకు మిగులునది దండువారి మాట ఒక్కటే. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి సంగతి స్థిరపడవలెనను లేఖన నియమము ఎంత విలువగలదో ఆ ఇద్దరు బాలురను తలంచిన తెలియును.

ఇక విద్యార్థి ఒక ప్రశ్న వేయును. "అయ్యా, ఆ విజ్ఞాన సర్వస్వమునకు నియమములు కలవు. నమ్మదగిన ప్రచురణలో ఉన్నదే వ్రాయవలెను. నా స్వంత పరిశోధన చేర్చరాదు. ఏ పక్షము వహించరాదు. పుస్తకములో లేనిది నేను వ్రాయకపోతే నా దోషమేమి?"

ఈ నియమములు మంచివి. చెవిని పడిన ప్రతిమాటను చరిత్ర అనుట ప్రమాదకరము. లూకా కూడ థెయొఫిలుకు వ్రాయబోవుచు, మొదటినుండి కన్నులార చూచినవారి మాటలను తరచి పరిష్కారముగా తెలిసికొనియే వ్రాయుచున్నానని చెప్పెను. ఊహను సాక్ష్యమని వ్రాసినవాడు, వాని ఉద్దేశము ఎంత మంచిదైనను, అబద్ధ సాక్షియే.

అయినను మొదటి రాజుల గ్రంథము 21వ అధ్యాయము తెరచి చూడుడి. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను ఆశించెను. పితరుల స్వాస్థ్యమును ఇయ్యనని నాబోతు చెప్పెను. యెజెబెలు ఏమి చేసెను? రాజు పేరట తాకీదులు వ్రాయించి, రాజముద్ర వేయించి, పెద్దలకు పంపెను. ఉపవాస దినము చాటించిరి. ఇద్దరు సాక్షులను నిలువబెట్టిరి. పెద్దలు తీర్పు చెప్పిరి. అక్కడ ఏ కాగితము తక్కువాయెను? ముద్ర కలదు, సాక్షులు కలరు, తీర్పు కలదు. యెజ్రెయేలు పట్టణపు దస్తావేజులనుబట్టి ఒక విద్యార్థి నమ్మకముగా వ్యాసము వ్రాసినయెడల నాబోతు దైవదూషకుడు, అహాబు న్యాయముగా తోట పొందినవాడు. ఒక్క నియమమును మీరకుండగనే ఆ విద్యార్థి అబద్ధమునకు చేతివ్రాత ఇచ్చినవాడగును. ఏలీయా నోటి మాట వ్రాతలోనికి ఎక్కినందుననే నాబోతు నిర్దోషియని నేడు మనము ఎరుగుదుము.

కాబట్టి సాక్షికి రెండు విధులు కలవు. చూడనిది చెప్పకుండుట మొదటిది. చూచినది దాచకుండుట రెండవది. విజ్ఞాన సర్వస్వపు నియమములు మొదటిదానిని కాపాడును. రెండవదానిని కాపాడవలసినవారు ఊరిలో ఉన్న మనమే.

మన ప్రాంతమునకు వత్తము. సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు దాపున, కాజీపల్లి కలదు. ఆ ఊరిని గూర్చి వ్రాయువానికి ప్రచురణలు దొరకును. పారిశ్రామికవాడను గూర్చి కాగితములున్నవి. 2020లో అక్కడి అడవిని ఒక సినిమా నటుడు దత్తత తీసికొనిన వార్త అన్ని పత్రికలలో పడెను. పటాన్‌చెరు ప్రాంతపు కలుషిత జలములను గూర్చి 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడెను. 2007లో స్వీడను దేశపు పరిశోధకులు, పటాన్‌చెరులో మందుల కర్మాగారముల మురుగు శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు, దానిని వాడు రోగి రక్తములో ఉండుదానికంటె హెచ్చుగా ఉన్నదని ప్రకటించిరి. 2014లో వెలువడిన మరియొక పరిశోధన కాజీపల్లి చెరువునే పరీక్షించి, మందులకు లొంగని సూక్ష్మజీవుల లక్షణములు అక్కడ మెండుగా ఉన్నవని తెలిపెను.

ఇవి అన్నియు వ్రాయదగినవే. అయితే చెరువులోని సూక్ష్మజీవులకు దొరకిన పుట, ఆ చెరువు గట్టున బ్రదికిన మనుష్యులకు దొరకినదా? దాని క్రింద ఎవరి మడులుండెను? చేపలు ఎవరు పట్టిరి? ఏ సంవత్సరమున పశువులను ఆ నీటికి తోలుట మానిరి? కర్మాగారములో కూలి దొరకి పిల్లలను చదివించుకొనిన కుటుంబము ఏమందును? ఆ మాట కూడ సాక్ష్యమే. దానిని త్రోసివేయువాడు రెండవ ప్రక్కకు ఒరిగినవాడగును. ఈ సంగతులు ఎరిగిన వృద్ధులు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. వారు వెళ్లిన తరువాత "ఇక్కడ పూర్వము ఏమియు లేదు" అని వ్రాయుట సులభము. ఖాళీ భూమి అనుమాట అట్లే పుట్టును.

మన సంఘ చరిత్రలోను ఇదే లోపము కలదు. మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పేరు అందరు ఎరుగుదురు. కరవు కాలమున ఆ రాళ్లు మోసి కూడు తినిన కూలివారి పేర్లు ఎందరికి తెలియును?

మరి ఏమి చేయవలెను? చరిత్ర వ్రాయు యౌవనులు తాము వాడు ప్రతి ఆధారమును, "ఇది ఎవరి నోటి మాట? ఇందు ఎవరి నోరు మూయబడెను?" అని అడుగవలెను. తెలియని చోట లేదని వ్రాయక ఊరకుండవలెను. సంఘ పెద్దలు ఒక నోటు పుస్తకము తీసికొని వృద్ధుల మాటలు వ్రాయించవలెను. తేదీ వేయవలెను. ఏది తాను చూచినది, ఏది వినినది అని వేరుపరచవలెను. వ్రాసినది వారికి చదివి వినిపించి, వారి సమ్మతి పొందవలెను. జ్ఞాపకము తప్పును గనుక మరి ఇద్దరిని అడుగవలెను. మనకు అవమానకరమైన సంగతులను కూడ చెరిపివేయరాదు. దావీదు పాపమును దాచని గ్రంథమును చదువువారము మనము. బాప్తిస్మపు రిజిస్టర్లను, కమిటీ మినిట్సు పుస్తకములను చెదలనుండి కాపాడవలెను. అట్టి వ్రాత నేడే విజ్ఞాన సర్వస్వములోనికి ఎక్కకపోవచ్చును. రేపు ఒక చరిత్రకారుడు దానిని పరిశీలించి ప్రచురించినప్పుడు, ఆ పిమ్మట ఒక విద్యార్థి నియమము తప్పకుండ దానిని ఎత్తి వ్రాయగలడు.

సహోదరులారా, సహోదరీలారా, యెజ్రెయేలులో నాబోతు పొరుగువారు చాలమంది ఉండిరి. అతడు నిర్దోషియని వారిలో అనేకులకు తెలిసియుండవలెను. వారిలో ఒక్కరైన నోరు తెరచినట్లు గ్రంథములో లేదు. ఆ పొరుగువారి వరుసలో మనము నిలువకుందుము గాక.