పాత బ్రష్షుకు కొత్త కుచ్చు: బాగుచేసుకోవడం మోహమా, ధర్మమా?



ఈ వారం ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పాతబడి పాడైపోయిన వస్తువును కూర్చుని బాగుచేయడం మంచి పనేనా, లేక అది కూడా ఒక రకం మోహమేనా? "ఏదీ శాశ్వతం కాదు, వదిలెయ్" అని ఒకవైపు వింటాం. "ఉన్నదాన్ని జాగ్రత్తగా కాపాడుకో" అని ఇంకోవైపు వింటాం. రెండు మాటలూ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పేవే. మరి ఏ మాట ఎప్పుడు వినాలి?

నాకు దొరికిన ఉదాహరణ చాలా మామూలుది. గడ్డం గీసుకునే బ్రష్షు. బెంగళూరులో పాత సామాన్లు అమ్మే ఒక అంగట్లో, ఇత్తడి చెంబులకూ ఆగిపోయిన గడియారాలకూ మధ్య కనిపించింది. పిడి బరువుగా, నున్నగా ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు నేతి రంగుకు తిరిగింది. కుచ్చులో సగం వెంట్రుకలు రాలిపోయాయి. బేరమాడి తీసుకున్నాను. బైరెడ్డిపల్లెలో ఉన్న అమ్మకు ఫోన్లో చెప్తే ఆమె ఒకటే మాట అంది: "ఎవురు వాడిండేదో ఏమో నాయనా, ఇంట్లోకి తేవొద్దు."

మనలో చాలామంది ఇలాంటి మాటను చాదస్తం అని కొట్టేస్తాం. కానీ కొంచెం చదివితే అమ్మ మాటలో బలం ఉందని తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో, అమెరికాలో సైనికులకూ మామూలు జనానికీ షేవింగ్ బ్రష్షుల ద్వారా ఆంత్రాక్స్ సోకింది. మన రైతులు పశువులకు వచ్చే దొమ్మ రోగం అంటారే, అదే. సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన బ్రష్షులే దానికి కారణం. ఆ సూక్ష్మజీవి విత్తనాల్లాంటి రూపంలో ఏళ్ళ తరబడి చావకుండా ఉండగలదు. అందుకే అంత పాత కాలపు వెంట్రుకల బ్రష్షును అలాగే వాడకూడదని ఇప్పటి వైద్య పరిశోధకులు కూడా హెచ్చరిస్తున్నారు. అమ్మ "మైల" అన్నదాన్ని వాళ్ళు వేరే మాటతో చెప్పారు, అంతే.

కాబట్టి పాత కుచ్చును ఉంచుకునే ప్రసక్తే లేదు. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని, దుమ్ము లేవకుండా తడిపి, కుచ్చును మొదలంటా కోసి, సంచిలో మూటకట్టి పారేశాను. పిడి గుంటలో ఎండిపోయిన జిగురును కొంచెం కొంచెంగా గీకి తీశాను. సబ్బునీళ్ళతో కడిగి, సన్నటి పాలిష్ కాగితంతో రుద్ది, ఆ గుంట కొలతకు సరిపోయే కొత్త కుచ్చు తెప్పించి అతికించాను. బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసిన కుచ్చులకు మంచి పేరుంది. కానీ నా గడ్డం కోసం ఒక జీవి వెంట్రుక నాకెందుకు అనిపించి సింథటిక్‌ది తీసుకున్నాను. నురగ చక్కగానే వస్తుంది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. కుచ్చు మారింది, జిగురు మారింది, పైమెరుగు మారింది. ఇది ఆ పాత బ్రష్షేనా?

మన సంప్రదాయానికి ఈ ప్రశ్న కొత్త కాదు. దేవాలయాలకు జీర్ణోద్ధరణ అనే విధానం ఎప్పటినుంచో ఉంది. తిరుమలలో పన్నెండేళ్ళకు ఒకసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ చేస్తారు. 2018 ఆగస్టులో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచుతారు. గర్భాలయంలో చేయాల్సిన పనులు పూర్తయ్యాక మళ్ళీ మూలమూర్తిలోకి చేరుస్తారు. పూరీలో ఇంకా ముందుకు వెళ్తారు. నవకళేబర ఉత్సవంలో జగన్నాథుడి దారుమూర్తినే మార్చేస్తారు. 1996లో, 2015లో అలా జరిగింది. కొత్త వేపదారు మూర్తిలోకి బ్రహ్మపదార్థాన్ని మార్చి, పాత మూర్తులను కోయిలి వైకుంఠంలో భూమిలో ఉంచుతారు. కొయ్య మారింది కదా, ఈయన వేరే దేవుడు అని ఏ భక్తుడూ అనడు.

"దేవుడి మూర్తికి ప్రాణప్రతిష్ఠ ఉంటుంది, నీ బ్రష్షుకేముంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బ్రష్షులో ఆవాహన చేయడానికి ఏమీ లేదు. కానీ ప్రతి వస్తువుకూ తాను పుట్టిన పని ఒకటి ఉంటుంది. దీపపు కుందెకు వెలుగు, కడవకు నీళ్ళు, బ్రష్షుకు నురగ. ఆ పని మళ్ళీ జరుగుతుంటే వస్తువు బతికినట్టే అని నేననుకుంటున్నాను. అద్దాల అల్మారాలో పెట్టి "చూడు, ఎంత పాతదో" అని చూపించుకుంటే మాత్రం అది నా గొప్పకు పనికొచ్చినట్టే గానీ బతికినట్టు కాదు. మోహానికీ శ్రద్ధకూ తేడా నాకు ఇక్కడ కనిపించింది. మోహం వస్తువును "నాది" అని దాచుకుంటుంది. శ్రద్ధ దాన్ని పనిలో పెడుతుంది, అవసరమైతే ఇంకొకరి చేతికి ఇచ్చేస్తుంది.

ఈ బ్రష్షు ఇప్పుడు నా దగ్గర లేదు, బైరెడ్డిపల్లెలో ఉంది. మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచేయి సరిగా లేవదు. నెలకు రెండుసార్లు ఊరికి వెళ్ళినప్పుడు నేనే ఆయనకు గడ్డం గీస్తాను. మొదటిసారి ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కొడుకు చేత చేయించుకోవడం సిగ్గనిపించిందేమో. నాకూ చేయి వణికింది. ఆ నాలుగు నిమిషాల్లో, మనం చిన్నచూపు చూసే ఒక వృత్తి గురించి చాలా అర్థమైంది. మన గుళ్ళలో స్వామికి నాదస్వరం వాయించేది ఎక్కువగా నాయీబ్రాహ్మణులే. వాళ్ళ ఊపిరితో వచ్చే వాద్యం లేకుండా కల్యాణం జరగదు. అదే కులం వాళ్ళు కత్తి పట్టుకుంటే మాత్రం మైల అంటాం. తిరుమలలో తలనీలాలు ఇచ్చేటప్పుడు మన తల వంచేది కూడా వాళ్ళ ముందే కదా. ఇంకొకరి ఒంటిని శుభ్రం చేయడంలో తక్కువతనం ఎక్కడుంది?

అమ్మ ఇప్పుడు ఆ బ్రష్షును తానే కడిగి, కుచ్చు కిందికి వచ్చేట్టు కిటికీ దగ్గర వేలాడదీసి ఆరబెడుతోంది.

అలాగని అన్నిటినీ బాగుచేస్తూ కూర్చోమని కాదు. భిన్నమైన విగ్రహాన్ని నీటిలో నిమజ్జనం చేయమని మన పెద్దలే చెప్పారు. వినాయకుడి మట్టిబొమ్మను ఎంత ప్రేమగా పూజించినా చివరికి నీళ్ళలో కలిపేస్తాం. గీత రెండో అధ్యాయంలో దేహాన్ని చిరిగిన బట్టతో పోల్చింది కూడా వదలడం నేర్పడానికే. నా బ్రష్షు పాత కుచ్చు వదిలేయాల్సినదే, పిడి నిలబెట్టుకోవాల్సినదే. ఒకే వస్తువులో రెండూ ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోవడాన్నే వివేకం అంటారు.

ఈ వారం మీ ఇంట్లో అటక మీదో బీరువా అడుగునో ఉన్న ఒక పాత వస్తువును చేతిలోకి తీసుకోండి. దాని పని ఇంకా మిగిలి ఉందా? బాగుచేస్తే ఎవరికి ఉపయోగపడుతుంది? ఎవరో ఒకరి ముఖం గుర్తొస్తే మొదలుపెట్టండి. ఎవరూ గుర్తురాకపోతే, దణ్ణం పెట్టి సాగనంపండి. అందులోనూ తప్పేమీ లేదు.

శుభం.