పాల లెక్క

బుజ్జీ,

నిన్న ఫోన్లో మళ్లీ అదే అడిగావు. మొదట పైథాన్ నేర్చుకోవాలా, జావాస్క్రిప్టా, లేక సి తోనే మొదలుపెట్టాలా అని. సంక్రాంతికి వచ్చినప్పుడూ ఇదే అడిగావు. ఇప్పుడు శ్రావణం వచ్చింది. ఈ ఏడు నెలల్లో ఒక్క వరసైనా రాశావా అని నేను అడగలేదు. మీ ఇంట్లో వీణ మీద కప్పిన గుడ్డ తీసి ఎన్నాళ్లయిందో కూడా అడగను. రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తాతయ్య పాల కేంద్రం నీకు లీలగానైనా గుర్తుండాలి. అరుగు మీద వరసగా క్యాన్లు, పొద్దున ఐదింటికే చెంబులతో ఊరి జనం. ఎవరివి ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, పదిహేను రోజులకు బిల్లెంత అన్నదంతా నాన్న ఎర్ర అట్ట పుస్తకంలో రాసేవాడు. 1996లో చూడి గేదెను అమ్మి నన్ను అమీర్‌పేటకు పంపాడు. బస్సెక్కేటప్పుడు అడిగింది ఒక్కటే. "ఈ లెక్కలు ఆ కంప్యూటర్ వేసేట్టు చెయ్యరా, నాకు కళ్లు ఆనడం లేదు" అన్నాడు.

ఫాక్స్‌ప్రో నేర్చుకున్నాను. పాల లెక్కకు అది బ్రహ్మాండంగా సరిపోయేది. కానీ గదిలో పక్క మంచం కుర్రాడు ఫాక్స్‌ప్రో పాతబడింది, సి రాకపోతే ఎందుకూ కొరగావన్నాడు. సి లో చేరాను. అందులో పాల లెక్క మొదలుపెట్టాను కూడా. ఫ్యాట్ 6.5 అయితే 6 అనే తీసుకునేది. మూడు రాత్రులు దాని ముందే కూర్చున్నాను. పూర్ణాంకాలకని పెట్టిన గడిలో దశాంశం నిలవదు. ఇంట్ అన్నచోట ఫ్లోట్ అని రాసి ఉంటే తీరిపోయేది. ఎవరినైనా అడగాల్సింది. అడగలేదు, లోపం లాంగ్వేజ్‌దే అనుకున్నాను. ఈలోగా 2000 సంవత్సరం తేదీల గొడవకు కోబాల్ వచ్చినవాళ్లు కావాలన్నారు. అటు పరిగెత్తాను. తర్వాత జావా. సర్టిఫికెట్లు నాలుగు వచ్చాయి. పాల లెక్క రాలేదు.

అక్కడ నాన్న ఆనని కళ్లతో కూడుతూనే ఉన్నాడు. 2001లో ఆయన పోయాక ఎర్ర అట్ట పుస్తకం నేను తెచ్చుకున్నాను. తిరగేస్తే పదకొండు చోట్ల పేజీ అంచున చిన్న అక్షరాలతో "నా సొంతం" అని ఉంది. కూడికలో తేడా వచ్చినప్పుడల్లా ఊళ్లో ఎవరినీ తిరిగి అడగకుండా తన జేబులోంచి పెట్టాడన్నమాట. మీ అమ్మకు కూడా ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. 2019లో ఒక ఆదివారం ఆ పుస్తకం ముందు పెట్టుకుని పైథాన్‌లో ఆ లెక్క రాశాను. 22 వరసలు. భోజనాల వేళకు అయిపోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అప్పుడు నా చెవి కొరికింది పక్క మంచం కుర్రాడొక్కడే. ఇప్పుడు నీ ఫోన్లో అలాంటివాళ్లు లెక్కలేనంతమంది. ఈ ఏడాది నేర్చుకోవాల్సినవి ఇవి, చచ్చిపోయినవి ఇవి అంటూ పొద్దస్తమానం వీడియోలు. ఉద్యోగాల కోసం కట్టిన ఆ జాబితాలతో నీకేం పని? నీ బ్యాంకు ఉద్యోగం నీకుంది, ఇది నీ ముచ్చట. అడిగితే ప్రోగ్రాం మొత్తం రాసిచ్చే ఏఐ వచ్చాక, తప్పు ఎక్కడుందో వెతుక్కునే ఓపిక కూడా జనంలో పోతోంది. నాకది బాధగా ఉంది.

పైథాన్ పుట్టిందే ముచ్చటగా. గిడో వాన్ రోసమ్ అనే ఆయన 1989 క్రిస్మస్ సెలవుల్లో, ఆఫీసు మూసి ఉంటే ఇంట్లో ఊరికే కూర్చోలేక మొదలుపెట్టాడు. అంతకుముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏబీసీ అనే లాంగ్వేజ్ తయారీలో పనిచేశాడు. ప్రోగ్రామర్లు కానివాళ్ల కోసం చేసినది అది. అందులో నచ్చినవి తెచ్చుకున్నాడు. 1991లో లోకానికి ఇచ్చాడు.

ఇక నేను చెప్పింది చెయ్యి. పైథాన్ పెట్టుకో. వెబ్ పేజీల మీద మోజు ఉంటే జావాస్క్రిప్ట్ అనేవాణ్ణి, నీకది లేదు. డబ్బు కట్టే కోర్సులు వద్దు. పైథాన్ ఉచితం, దాంతోపాటే ఐడిల్ వస్తుంది, రాసుకోవడానికి అది చాలు.

మొదటి పని మీ అమ్మ చీటీ. 20 మంది, నెలకు తలా 5,000. ఒకరు 18,000 వదులుకుని లక్ష చీటీ పాడుకుంటే, అమ్మ కమిషన్ తీసుకోదు గనక, తలా 900 తగ్గి 4,100 కట్టాలి. ఎంతకు పాడారో అడిగి, ఎవరెంత కట్టాలో చెప్పేట్టు రాయి. రెండుచోట్ల కాలు తట్టుకుంటుంది. ఇన్‌పుట్‌తో తీసుకున్న 5000 పైథాన్‌కు అంకె కాదు, ఉత్త అక్షరాలు. అలాంటివి రెండు కూడితే 50005000 వస్తుంది. ఇంట్ పెట్టి అంకెగా మార్చుకో. ఇక వరస ముందు వదిలే ఖాళీ ఒకచోట నాలుగు, దాని కిందే మూడు పెడితే ఒప్పుకోదు. పేర్లు తెలుగులో పెట్టుకోవాలనిపిస్తే "సభ్యులు = 20" అని రాసినా పైథాన్ 3 తీసుకుంటుంది. ఎర్రక్షరాలతో తప్పు చూపిస్తే మూసెయ్యకు. అన్నిటికంటే కింద ఉన్న వరస చదువు, ఏం తప్పో అక్కడ రాసి ఉంటుంది. ఈ చీటీ పూర్తయ్యేదాకా ఏఐని అడగొద్దు, నన్ను అడుగు.

వచ్చే పాట 15వ తేదీన. ఆ సాయంత్రం అమ్మ కాగితం మీద వేసిన లెక్క, నీ లెక్క పక్కపక్కన పెట్టుకుని చూడండి. తేడా వస్తే ఫోన్ చెయ్యి తల్లీ. రాత్రి పదకొండు దాకా నేను మేలుకునే ఉంటాను.

మామయ్య