గీజరు, గాదె, అపరిగ్రహం

మనుస్మృతి నాలుగో అధ్యాయం బ్రాహ్మణ గృహస్థులను ఇంట్లో ఉన్న తిండిగింజలను బట్టి నాలుగు రకాలు చేస్తుంది: గాదె నిండా ఉన్నవాడు, కుండెడు ఉన్నవాడు, మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు, రేపటికంటూ ఏమీ ఉంచుకోని అశ్వస్తనికుడు. ఈ వరుసలో ముందువాడి కంటే తరవాతివాడు గొప్ప అంటుంది. యోగసూత్రాలు అపరిగ్రహాన్ని యమాల్లో చేర్చాయి. గాంధీజీ 1930లో ఎరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖల్లో దాన్ని అస్తేయానికి ముడిపెట్టారు. అక్కర లేనిది దగ్గర పెట్టుకోవడం కూడా ఆయన దృష్టిలో దొంగతనమే. ఈ కొలబద్ద స్నానాలగదిలోకి తెస్తే తీర్పు ఇట్టే వచ్చేస్తుంది. నీళ్లు కాచి దాచే స్టోరేజ్ గీజరు గాదె; కొళాయి తిప్పాకే కాచే ట్యాంకు లేని హీటరు అశ్వస్తనికుడు. ఆ తీర్పు తొందరపాటుదని నా వాదన.

నిమిషానికి ఆరు లీటర్లు పోసే షవరు నీళ్లను అప్పటికప్పుడు 20 డిగ్రీలు వేడెక్కించాలంటే, స్నానం అయ్యేదాకా సుమారు 8.4 కిలోవాట్లు లాగుతూనే ఉండాలి. అంటే 36 ఆంపియర్ల పైమాట. మామూలుగా గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టు అందులో సగం కూడా మొయ్యదు. 15 లీటర్ల స్టోరేజ్ గీజరుకు 2 కిలోవాట్లు చాలు, కాకపోతే నీళ్లు 40 డిగ్రీలు పెరగడానికి ఇరవై నిమిషాలు దాటుతుంది. నీటికి చేరే వేడి ఎందులోనైనా ఒకటే, తేడా అంతా అడిగే తీరులో ఉంది. చలికాలం పొద్దున్నే ఊరంతా ఒక్కసారి అడిగితే ఇవ్వడానికి ఎక్కడో ఎవరో దాచి ఉంచాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. కరెంటు మిగిలిన వేళ దిగువ నీటిని మళ్లీ పైకి ఎక్కించేలా వాటిని కట్టారు. ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు మునిగాయి. ట్యాంకు వద్దనుకున్న ఇంటికీ గాదె ఉంది, అది వేరే వాళ్ల నేల మీద ఉంది. గ్యాస్ గీజరుకు ఈ బెడద లేదు కదా అంటారేమో, 14.2 కిలోల సిలిండరే దాని ట్యాంకు.

ట్యాంకులో వేడి ఊరికే కారిపోతుందనేది బలమైన అభ్యంతరమే. గీజరు మీది స్టార్ లేబుల్ లెక్కగట్టేది కూడా ఆ నష్టాన్నే. అయితే అది రోజంతా స్విచ్చి వేసి ఉంచేవాళ్ల సంగతి. అరగంట ముందు వేసి, వరసగా నలుగురూ స్నానాలు ముగించే ఇంట్లో ఆ నష్టం స్వల్పం. ఇంతకంటే లోతైన ఆక్షేపణ ఇంకొకటుంది: శాస్త్రం మెచ్చుకున్నది మనసులోని నిర్లోభాన్ని, మెగావాట్లతో దానికేం పని? కానీ మిగతా ఆశ్రమాలన్నీ గృహస్థు మీద ఆధారపడి బతుకుతాయని ఆ మనుస్మృతే మూడో అధ్యాయంలో ఒప్పుకుంటుంది. అశ్వస్తనికుడి గింజలూ మరొకరి గాదెలోవే. అతను అడిగేది గుప్పెడు కనుక ఆ గాదెకు బరువు కాడు. షవరుకు తగిలించిన హీటరు గుప్పెడు అడగదు. వంటింటి సింకు దగ్గర లీటరు నీళ్ల కోసమైతే చిన్న ఇన్‌స్టంట్ గీజరే న్యాయం. అక్కడ 15 లీటర్లు కాచడమే పరిగ్రహం.