చీపురు ఎవరి చేతికి?

ఈ మధ్య మా విచారణకు చెందిన ఒక తండ్రి ఇంజనీరింగు పూర్తిచేసిన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. "ఫాదర్ గారూ, వీడికి మార్కులున్నాయి కానీ సాఫ్ట్ స్కిల్స్ లేవంటున్నారు. అమీర్‌పేటలో మూడు నెలల్లో నేర్పుతారట" అన్నాడు. నలుగురితో కలిసి పనిచేయడం, ఎదుటివాని మాట వినడం, తన వంతు బాధ్యత తాను మోయడం - వీటికే ఇప్పుడు ఆ పేరు. ఇవి మూడు నెలల్లో కొనుక్కోవలసి వస్తే, పదిహేనేండ్లు బడి ఏమి నేర్పినట్లు?

జపాను దేశపు ప్రాథమిక పాఠశాలల్లో తరగతి గదులను, వరండాలను సాధారణంగా పిల్లలే ఊడ్చి తుడుస్తారు. మధ్యాహ్నం వంతు వచ్చినవారు తెల్లని అంగీ, టోపీ ధరించి తోటివారికి వడ్డిస్తారు. ఉపాధ్యాయుడూ ఆ గదిలోనే, ఆ భోజనమే చేస్తాడు. 1954లో వచ్చిన పాఠశాల భోజన చట్టం నాటినుండి దానిని కడుపు నింపే ఏర్పాటుగానే కాక చదువులో భాగంగా కూడా చూస్తున్నారు. ఈ పద్ధతి నచ్చి ఈజిప్టు ప్రభుత్వం 2018లో అలాంటి బడులు తెరిచింది.

గురువిద్యాలయంలో చదివిన అరిస్టాటిల్ ఇక్కడ గుర్తుకు వస్తాడు. రాతిని పదివేలసార్లు పైకి విసిరినా అది పైకి పోవడం నేర్చుకోదు. మనిషి అలా కాదు, ఇల్లు కట్టి కట్టి తాపీవాడైనట్లు, న్యాయం చేసి చేసి న్యాయవంతుడౌతాడు అన్నాడు ఆయన. సుగుణం ఉపన్యాసంతో రాదు, అభ్యాసంతో వస్తుంది. అయితే చీపురు పట్టినంతమాత్రాన పునీతులు కారు. అదే జపానులో తోటి పిల్లల వేధింపులను అరికట్టడానికి 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. అందరితో కలిసి నడవమనే బడిలో, కలవలేని బిడ్డ ఒంటరి అవుతాడు.

మన దగ్గర చిక్కు ఇంకా లోతైనది. కొన్నేండ్ల క్రితం నేను కరెస్పాండెంటుగా ఉన్న బడిలో ప్రతి ఉదయం బోర్డింగు పిల్లలు ఆవరణ ఊడ్చేవారు. ఫీజు కట్టి ఇంటినుండి వచ్చే పిల్లలు గంట కొట్టే వేళకు శుభ్రమైన గదిలో కూర్చునేవారు. క్రమశిక్షణ బాగుందని నేను సంతోషించాను కూడా. ఒకరోజు ఒక తల్లి వచ్చి, "మా అమ్మ ఊడ్చింది, నేను ఊడ్చాను. నా బిడ్డ చేత కూడానా, ఫాదర్ గారూ?" అంది. తత్త్వశాస్త్రంలో పట్టా ఉన్న నాకు నోట మాట రాలేదు. తరతరాలుగా ఒకే కులాల చేతిలో పెట్టిన చీపురును నేను మళ్ళీ ఆ పిల్లల చేతికే ఇచ్చి, దానికి విద్య అని పేరు పెట్టాను. మా బడి పిల్లలిద్దరికీ చెరొక పాఠం నేర్పుతూనే ఉంది: ఒకరికి ఊడ్వడం, మరొకరికి ఊడ్పించుకోవడం.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో క్రీస్తునాథుడు సేవకుణ్ణి పిలిచి పాదాలు కడగమనలేదు. గురువైన తానే తువాలు నడుముకు చుట్టుకున్నాడు. పేతురు కలవరపడింది నీళ్ళను చూసి కాదు, కడుగుతున్నది ఎవరో చూసి. రెండవ వాటికను మహాసభ 1965లో విద్యపై చేసిన ప్రకటనలో, కతోలిక బడిలో సువార్త స్వేచ్ఛ, ప్రేమ నిండిన వాతావరణం ఉండాలని చెప్పింది. వాతావరణం అంటే గోడమీది సిలువ, ఉదయపు ప్రార్థన అనే నేను అంతవరకు అనుకున్నాను.

ఆ తరువాత గదులకు, వరండాలకు అందరి పేర్లతో వంతుల పట్టిక వేశాము. గురువారం వంతు నాది. రెండు కుటుంబాలు పిల్లలను మాన్పించి వేరే బడిలో చేర్చాయి, నచ్చజెప్పబోయాను, వినలేదు. పెద్ద రైతు కొడుకొకడికి చీపురు పట్టుకోవడం తెలియకపోతే బోర్డింగు కుర్రవాడు నవ్వి చూపించాడు. ఆ తల్లి మాత్రం నెల తరువాత మళ్ళీ వచ్చింది. పట్టిక అంతా చదివించుకొని, "టీచర్ల మరుగుదొడ్డి ఎవరు కడుగుతారు, ఫాదర్ గారూ?" అని అడిగింది. అది అప్పటికీ ఆయాయే కడుగుతోంది. పట్టికలో దానికి గడి లేదు.